గట్టిదా, బలమైనదా, మొండిదా? ఇంజినీరింగ్ పదార్థాల గుణాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో నాకొక చిన్న లేతు షాపు ఉంది. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లకు షాఫ్టులు, ట్రాక్టర్లకు పిన్నులు, బోరు మోటార్లకు బుష్‌లు చేస్తుంటాను. గుమ్మం ఎక్కినవారిలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: "బలమైన ఇనుము వేయండి, ఖర్చుకు వెనకాడం." ఏ బలం కావాలని అడిగితే ముఖం చిట్లిస్తారు. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతానో చెప్పడానికి, సాయంత్రం పూట పాలిటెక్నిక్ పిల్లలు తెచ్చే సందేహాలను కూడా కలిపి ఈ జవాబులు రాశాను.

బలం, గట్టితనం, మొండితనం మూడూ ఒకటే కదా?

కాదు. నా బల్ల మీదున్న ఆకురాయినే చూడండి. ఉక్కును అరగదీస్తుంది, అంత గట్టిది. సుత్తితో ఒక్కటి వేస్తే మాత్రం పుటుక్కున రెండు ముక్కలవుతుంది. పక్కనే ఉన్న రాగి తీగ మీద మేకుతో గీస్తే గీత పడుతుంది, అంత మెత్తన. దాన్ని మెలితిప్పండి, ముడి వేయండి, విరగదు.

గీతకు, గుంటకు, అరుగుదలకు లొంగకపోవడం గట్టితనం. పుస్తకాల్లో కాఠిన్యం అంటారు. తెగకుండా, శాశ్వతంగా వంకర పోకుండా బరువు మోయడం బలం. విరిగేలోపు ఎంత దెబ్బను మింగుతుందన్నది మొండితనం. పిల్లలు టఫ్‌నెస్ అని రాస్తారు. బరువు పడ్డప్పుడు ఎంత తక్కువ వంగుతుందన్నది నాలుగోది, దాన్ని ఇక్కడ బిగువు అందాం. గట్టిగా ఉండీ మొండితనం లేనిదానికి మన పెద్దలు ఎప్పుడో పేరు పెట్టారు: పెళుసు. కమ్మరి కొలిమి దగ్గర పెరిగినవాడికి ఈ తేడాలు ఎవరూ చెప్పనక్కర్లేదు. తికమక పడేదల్లా అన్నింటినీ బలం అనే సంచిలో వేసే మనమే.

ప్రతిబలం, వికృతి అంటే సూటిగా చెప్పగలరా?

ఇల్లు కట్టే 12 మిల్లీమీటర్ల కడ్డీ ఒకటి తీసుకుందాం. దాన్ని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం సుమారు 113 చదరపు మిల్లీమీటర్లు. కడ్డీకి ఒక టన్ను బరువు వేలాడదీస్తే ఒక్కో చదరపు మిల్లీమీటరు వాటాకు దాదాపు 87 న్యూటన్ల లాగుడు వస్తుంది. అదే ప్రతిబలం. చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ అంటే ఒక మెగాపాస్కల్. ఆ లాగుడుకు కడ్డీ ఎంత సాగిందో కొలిచి, అసలు పొడవుతో భాగిస్తే వికృతి. మన టన్ను బరువుకు మీటరు కడ్డీ అర మిల్లీమీటరు కూడా సాగదు. బరువు దించితే మళ్లీ మొదటి పొడవుకే వస్తుంది.

ఎంత లాగితే అంత సాగుతుందన్న ఈ సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. ప్రతిబలాన్ని వికృతితో భాగిస్తే వచ్చేది యంగ్ గుణకం. ఉక్కుకు అది దాదాపు 2,00,000 మెగాపాస్కల్స్, అల్యూమినియానికి 70,000. ఈ రెండు అంకెలతో ఇంకాస్త కింద పని పడుతుంది.

టీఎంటీ కడ్డీ మీద 500, 500డి అని ఉంటుంది. ఏది కొనాలి?

500 అంటే చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల దాకా లాగినా కడ్డీ చెప్పుకోదగినంతగా శాశ్వతంగా సాగిపోదని అర్థం. మన 12 మిల్లీమీటర్ల కడ్డీకి ఆ లెక్క ఐదున్నర టన్నులు దాటుతుంది. ఆ హద్దును యీల్డ్ అంటారు. అది దాటగానే కడ్డీ తెగిపోతుందని చాలామంది అనుకుంటారు. తెగదు, సాగడం మొదలుపెడుతుంది. ఇక బరువు తీసినా వెనక్కి రాదు.

డి అక్షరం ఆ సాగుడు గురించినదే. ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం ఎఫ్‌ఈ 500 కడ్డీ తెగేలోపు కనీసం 12 శాతం సాగాలి. 500డి అయితే 16 శాతం. భూమి కంపించినప్పుడు పనికొచ్చేది ఈ సాగే గుణమే, పాఠ్యపుస్తకాల తాంతవత. సాగే కడ్డీలున్న స్తంభం ముందు పగుళ్లు చూపిస్తుంది, వంగుతుంది, లోపలివాళ్లు బయటికి పరుగెత్తే వ్యవధి ఇస్తుంది. సాగనిది చెప్పకుండా కూలుతుంది. 550 అంకె పెద్దదని దాని వెంట పడేవాళ్లను చూశాను. ఇంజినీరు డ్రాయింగులో రాసిందే వేయాలి, అందులో మాట లేదు. నన్ను అడిగితే మాత్రం ఇంటికి 500డి వైపే మొగ్గుతాను.

మిగిలిన టీఎంటీ ముక్కను లేతు మీద తిప్పి బోల్టు చేసిస్తారా?

చేయను. తయారీలో ఎర్రగా వస్తున్న కడ్డీని నీటి జల్లుతో గబుక్కున చల్లారుస్తారు. పైపొర గట్టిపడుతుంది, లోపలి గుండె మెత్తగా, సాగేలా మిగులుతుంది. దాని బలాన్ని 500కు చేర్చేది ఆ పైపొరే. లేతు మీద నేను మొదట తీసేసేదీ ఆ పొరనే! మీ చేతికి వచ్చేది ఖరీదైన కడ్డీ నుంచి తీసిన చవక బోల్టు. కడ్డీని గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచడం కూడా ఇలాంటి తప్పే.

షెడ్డు దూలం ఊగుతోంది. ఇంకా బలమైన ఉక్కు వేస్తే ఆగుతుందా?

ఆగదు. ఈ జవాబు విన్నవారెవరూ మొదటిసారి నమ్మలేదు. ఎంఎస్ అని పిలిచే మామూలు ఉక్కుకు, ఈఎన్8 అనే మధ్యరకం కార్బన్ ఉక్కుకు, ఈఎన్24 అనే ఖరీదైన మిశ్రమ ఉక్కుకు బలంలో ఎంతో తేడా ఉంది. యంగ్ గుణకంలో మాత్రం దాదాపు లేదు, అన్నీ ఆ రెండు లక్షల దగ్గరే. అంటే అదే బరువుకు, అదే కొలతల దూలం ఏ ఉక్కుతో చేసినా అంతే వంగుతుంది. బలమైన ఉక్కు ఇంకా ఎక్కువ వంగినా వంకర మిగలకుండా తిరిగొస్తుంది, అంతే. అల్యూమినియం అయితే అదే కొలతకు మూడింతలు వంగుతుంది.

ఊగుడు ఆపేది ఆకారం. నాలుగు అంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం ఉన్న చెక్కను కాలువ మీద పడుకోబెట్టి నడవండి, కిందికి వంగుతుంది. అదే చెక్కను అంచు మీద నిలబెడితే బిగువు 16 రెట్లు పెరుగుతుంది. చెక్క మారలేదు, లోతు మారింది. గుండ్రటి షాఫ్టుకు లెక్క ఇంకా బాగుంటుంది: 25 మిల్లీమీటర్ల చోట 30 వేస్తే బిగువు రెట్టింపు దాటుతుంది. మందంలో పెరిగింది ఐదే మిల్లీమీటర్లు. అందుకే ఊగే షెడ్డు తెచ్చినవారికి ఉక్కు గ్రేడు మార్చమని కాదు, దూలం లోతు పెంచమనో మధ్యలో ఒక కాలు వేయమనో చెబుతాను. గ్రేడు అమ్ముకునేవారికి నా సలహా నచ్చదు.

ఏరియేటర్ షాఫ్టు ఏడాది తిరక్కుండానే విరిగింది. ఉక్కు నాసిదా?

ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ముందు ఉక్కును తిట్టకండి.

ఏరియేటర్ చక్రాలు నిమిషానికి సుమారు 100 చుట్లు తిరుగుతాయనుకుందాం. చక్రాల బరువుకు షాఫ్టు కొద్దిగా వంగి ఉంటుంది. కాబట్టి ఒక క్షణం దాని పైభాగం నొక్కుడు పడుతుంది, కిందిభాగం లాగుడు పడుతుంది. అర చుట్టు తిరగ్గానే పాత్రలు మారతాయి. చుట్టుకొకసారి ఈ లాగుడు నొక్కుళ్లు. గంటకు 6,000, రోజుకు 1,44,000, వారం తిరిగేసరికి పది లక్షలు. ఒక్కోసారి పడే భారం యీల్డ్‌కు ఆమడ దూరంలో ఉన్నా సరే, లక్షలసార్లు పడితే ఎక్కడో ఒక గీతలాంటి పగులు పుడుతుంది. రోజుకింత లోపలికి పాకుతుంది. మిగిలిన కాస్త లోహం ఒక రాత్రి మోయలేక తెగిపోతుంది. దీన్ని ఫెటీగ్ అంటారు, లోహం అలసట. బండలాగుడు పోటీలో ఒక్క ఊపుకు బండను కదిలించే ఒంగోలు గిత్త వేరు, పొద్దంతా దుక్కి దున్నే ఎద్దు వేరు. ఒకదాని సత్తా చూసి రెండోదాన్ని కొనకూడదని రైతుకు తెలుసు. షాఫ్టు దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మరిచిపోతాడు.

జర్మనీ రైల్వేల్లో బండి ఇరుసులు ఇలాగే విరుగుతుంటే ఆగస్ట్ వోలర్ అనే ఇంజినీరు 1850లు, 60లలో వాటి మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేశాడు. ఉక్కుకు ఒక హద్దు ఉందని, భారం దానికి లోబడి ఉంటే ఎన్నిసార్లు పడినా విరగదని ఆ పనితోనే తేలింది. నునుపైన ఉక్కు నమూనాకు ఆ హద్దు సుమారుగా తెగే బలంలో సగం ఉంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. ఇక మన చెరువుల సంగతి: ఉప్పునీటిలో ఉక్కుకు కూడా ఆ హద్దు నిలవదు. తుప్పు గుంటలు పగులుకు పుట్టిళ్లు.

విరిగిన ముఖాన్ని చూస్తే కథ తెలుస్తుంది. ఒక అంచు నుంచి బయలుదేరి ఆల్చిప్ప మీది గీతల్లాంటి వంపులు నునుపుగా పరుచుకుని ఉంటే అలసట. ఆ పక్కన గరుకుగా కనిపించేది చివరి క్షణంలో తెగిన భాగం. గరుకు భాగం చిన్నదైతే షాఫ్టు మీద భారం తక్కువే, పగులు మాత్రం నెలల నుంచి లోపల పాకుతోందని అర్థం. షాఫ్టు మొత్తం మెలితిరిగి, సాగి తెగి ఉంటే మాత్రం అది వేరే జబ్బు, చక్రానికి ఏదో అడ్డుపడింది.

నేను చూసిన విరుగుళ్లలో ఎక్కువ భాగం మూడు చోట్లే: లావు షాఫ్టు సన్నబడే మెట్టు దగ్గర, చక్రం జారకుండా కీ ముక్క పెట్టే గాడి చివర, ఎవరో తొందరలో వెల్డింగ్ చుక్క పెట్టిన చోట. మెట్టు మూలను నిక్కచ్చిగా కోయకుండా గుండ్రంగా తీయడానికి లేతు మీద అదనంగా రెండు నిమిషాలు పడుతుంది. ఉక్కు గ్రేడు పెంచడం కంటే ఆ రెండు నిమిషాలే ఎక్కువ పని చేస్తాయి. నేను కొత్తలో మూలలు నిక్కచ్చిగా కోసి, అదే పనితనమని మురిసిపోయేవాడిని. అలా చేసిన ఒక షాఫ్టు రెండు నెలలకే రెండు ముక్కలుగా తిరిగొచ్చింది. డబ్బు వెనక్కిచ్చాను.

స్టీలు అసలుదో కాదో అయస్కాంతంతో తెలుస్తుందా?

సగమే తెలుస్తుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అయస్కాంతం అంటుకోదు, లేదా వంచి సాగదీసిన చోట కొద్దిగా అంటుకుంటుంది. చవకైన 202 రకానికీ అంటుకోదు! నికెల్ తగ్గించి మాంగనీసు పెంచినా ఆ లక్షణం అలాగే ఉంటుంది. ఒకసారి 304 అని చెప్పి 202 అంటగట్టిన సరుకు అయస్కాంతం పరీక్షలో దర్జాగా నెగ్గి, చెరువులో దిగిన కొద్ది నెలలకే ఎర్రబారింది. అప్పటి నుంచి రసాయన పరీక్ష కాగితం అడుగుతున్నాను. ఉప్పు ఎక్కువున్న నీటికి మాలిబ్డినం కలిసిన 316 మేలు.

ఇంకో మాట. స్టీలంటే మామూలు ఇనుము కంటే బలమని అనుకోకండి. సాగదీయని 304కు యీల్డ్ కనీస హద్దు 205 మెగాపాస్కల్స్, నిర్మాణాలకు వాడే మామూలు ఈ250 ఉక్కుకు 250. 304కు మనం ఇచ్చే డబ్బు తుప్పు పట్టనందుకు.

వంటగది గ్రానైట్ బండ సింకు మూల నుంచి పగిలింది. రాయి అంత గట్టిది కదా?

గట్టిదే, అందుకే పగిలింది. మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని తీసుకోండి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గాని, అది గాబ్రో జాతి రాయి. బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. ఇలాంటి రాయి నలగాలంటే మామూలుగా చదరపు మిల్లీమీటరుకు 150 న్యూటన్లు దాటాలి. వంచితే మాత్రం దాదాపు అందులో పదో వంతుకే విరుగుతుంది. ఉక్కులా కాస్త సాగి సర్దుకోవడం రాయికి రాదు.

దానికి తోడు సింకు కోసం కోసిన రంధ్రం. బండలో ప్రవహించే లాగుడు రంధ్రాన్ని చుట్టుకుని పోవాలి, కాలువలో బండరాయి చుట్టూ నీరు వడిగా పోయినట్టు. వెడల్పాటి పలకలో గుండ్రటి రంధ్రం అంచున ప్రతిబలం మూడింతలవుతుందని కిర్ష్ అనే జర్మన్ ఇంజినీరు 1898లో లెక్క కట్టాడు. మూల ఎంత పదునైతే అంత ఘోరం. పైగా కోత యంత్రం చక్రం మూలలు దాటి ముందుకు పోయి సన్నటి గాట్లు మిగులుస్తుంది. పగులుకు బొట్టుపెట్టి పిలిచినట్టే. ముందు నాలుగు మూలల్లో గుండ్రటి రంధ్రాలు తొలిచి, ఆ తర్వాత వాటిని కలుపుతూ కోయమని మేస్త్రికి చెప్పండి. సింకు ముందు మిగిలే సన్నటి పట్టీ కింద ఆధారం ఉండాలి. దాని మీద నిలబడి అటక మీది సామాను అందుకోవడం ఆపాలి.

ఇనుప రేకులో పగులు పాకుతుంటే దాని కొసన చిన్న రంధ్రం వేసే మెకానిక్కుల ఉపాయం కూడా ఇదే లెక్క. పదునైన కొస గుండ్రబడితే పగులు ఆగుతుంది, కనీసం కొన్నాళ్లు.

కాంక్రీటు, పోత ఇనుము కూడా అంతేనా?

అంతే. ఎం20 కాంక్రీటు అంటే 15 సెంటీమీటర్ల దిమ్మ 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల నొక్కుడు తట్టుకోవాలి. లాగుడులో దాని సత్తా పదో వంతు చుట్టూనే. అందుకే లాగుడు పడే వైపు కడ్డీలు వేస్తారు. రెండు గోడల మీద ఆనిన స్లాబుకు నడుమ భాగంలో లాగుడు అడుగున ఉంటుంది. గోడ నుంచి బయటికి చాచిన బాల్కనీకి పైన ఉంటుంది. కాంక్రీటు పోసేటప్పుడు పనివాళ్లు బాల్కనీ పై కడ్డీలను తొక్కి కిందికి దించేస్తే, ఎంత మంచి సిమెంటు వేసినా ఆ బాల్కనీ ప్రమాదమే. పోసే రోజు అక్కడ నిలబడండి, టిఫిన్ల ఏర్పాటు ఇంకెవరికైనా అప్పగించండి.

కాఠిన్యం ఎలా కొలుస్తారు?

గట్టి వస్తువుతో నొక్కి, పడిన గుంటను కొలుస్తారు. 1900లో స్వీడన్ ఇంజినీరు బ్రినెల్ ఉక్కు గుండును వాడాడు. రాక్‌వెల్ సి పద్ధతిలో వజ్రపు మొన, 150 కిలోల భారం. ఉక్కుకు బ్రినెల్ అంకెను మూడున్నరతో హెచ్చవేస్తే తెగే బలం దాదాపుగా మెగాపాస్కల్స్‌లో వస్తుంది. షాపులో నాకు ఆకురాయి చాలు: జారిపోతే గట్టిది, కొరికితే మెత్తన.

కమ్మరి నీళ్లలో ముంచితే కొడవలికి పదును ఎలా వస్తుంది?

కార్బన్ తగినంత ఉన్న ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే లోపలి అణువుల అమరిక సర్దుకునే సమయం లేక బిగుసుకుపోతుంది. గట్టితనం వస్తుంది, దాంతోపాటు పెళుసుతనమూ. అలాగే వదిలేస్తే కొడవలి గాజులా చిట్లుతుంది. అందుకే మళ్లీ కొద్దిగా వేడి చేస్తారు. మెరుగుపెట్టిన ఉక్కు మీద లేత పసుపు రంగు పాకితే సుమారు 220 డిగ్రీలు, నీలం వస్తే 300 దగ్గర. కత్తి అంచుకు పసుపు, దెబ్బ తగిలే పనిముట్టుకు నీలం వైపు. కాస్త గట్టితనం వదులుకుని మొండితనం కొనుక్కోవడమన్న మాట. ఇంటి కిటికీ ఊచను ఎన్నిసార్లు ముంచినా కత్తి కాదు, అందులో కార్బన్ చాలదు. కమ్మరులు పాత లారీ కమాను పట్టీలను వెతికి కొనేది అందుకే.

చలికి ఉక్కు పెళుసవుతుందంటారు, నిజమేనా?

నిజమే. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో కట్టి ఉన్న షెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ ఉన్నట్టుండి నడుముకు విరిగింది. మన నెల్లూరు ఎండకు ఆ భయం లేదు.

మరి వేడికి?

ఎక్కువ వేడిలో, మోయగలిగిన బరువే అయినా ఏళ్ల తరబడి మోస్తూ ఉంటే లోహం మెల్లగా సాగిపోతుంది. దాన్ని క్రీప్ అంటారు. నేలటూరులోని దామోదరం సంజీవయ్య విద్యుత్ కేంద్రం లాంటి చోట ఆవిరి గొట్టాలు 500 డిగ్రీలకు పైబడిన వేడిలో పనిచేస్తాయి. అక్కడ మామూలు ఉక్కు నిలవదు, క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు వాడతారు. సీసానికి అయితే గది వేడి చాలు. నులక మంచాన్ని అప్పుడప్పుడూ మళ్లీ బిగించుకోవడం ఆ జాతి సంగతే.

ఉదయగిరి కొయ్య చెంచాలు అంత సన్నగా ఉన్నా ఎందుకు విరగవు?

కొయ్య బలం దిక్కును బట్టి ఉంటుంది. నార వెంట లాగితే అడ్డంగా లాగినదానికంటే పదింతలకు మించి తట్టుకుంటుంది. పనివాడు కాడ పొడవును నార వెంట తీస్తాడు. నార అడ్డంగా పోయే చెక్క నుంచి అంతే అందంగా చెక్కినా, మొదటి గట్టి పెరుగుకే విరుగుతుంది.

అన్నింటికంటే బలమైన ఉక్కు తెప్పించగలరా?

శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశ గొట్టం మారేజింగ్ అనే ప్రత్యేక ఉక్కుది. బలం సుమారు 1,700 మెగాపాస్కల్స్, మామూలు ఉక్కుకు నాలుగింతలు. అంత బలమైన ఉక్కులో చిన్న పగులు కూడా పెద్ద ప్రమాదం కాబట్టి అతుకులన్నీ తనిఖీ చేసి గాని పంపరు. మీ ట్రాక్టరు పిన్నుకు ఈఎన్8 చాలు.

రిపేరుకు వచ్చేటప్పుడు ఏం తేవాలి?

విరిగిన ముక్కలు రెండూ. విరిగిన ముఖాలను కడగకండి, గుడ్డతో తుడవకండి, అతుకుతాయో లేదో చూద్దామని ఒకదానితో ఒకటి రుద్దకండి. ఆల్చిప్ప గీతలు చెరిగిపోతాయి. కాస్త నూనె రాసి, కాగితంలో విడివిడిగా చుట్టి తీసుకురండి. ఎక్కడ విరిగిందో, ఎన్నాళ్లు తిరిగిందో, నీరు ఉప్పుదో మంచిదో చెప్పండి. ఏ ఉక్కు వేయాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం.